అడయార్ వివాదం: కోర్టుకెక్కని కేసు

దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) స్థాపకుల్లో ఒకరైన హెలెనా బ్లావట్‌స్కీ మోసగత్తె అవునా కాదా అన్న వాదన మళ్లీ రాజుకుంది. అలవాటుగా ఒక పక్షం ఆమె అద్భుతాలు మోసమని తేల్చిన 1885 నాటి హాడ్జ్‌సన్ నివేదికను తీర్పులా చూపుతోంది. దివ్యజ్ఞాన సమాజం న్యూయార్క్‌లో పుట్టి మద్రాసు చేరిన వైనం తెలిసిందే. వివాదం ఇన్నేళ్లూ తెగకపోవడానికి కారణం మాత్రం 1884 డిసెంబరులో మద్రాసు అడయార్‌లోని సమాజం కేంద్రంలో జరిగిన నిర్ణయంలో ఉంది.

సమాజం కార్యాలయంలో ఇంటి వ్యవహారాలు చూస్తూ ఆ ఏడాది మేలో బహిష్కరణకు గురైన ఎమ్మా కూలోంబ్, బ్లావట్‌స్కీ తనకు రాసినవంటూ కొన్ని ఉత్తరాలను మిషనరీలకు అందజేసింది. తన గురువులని బ్లావట్‌స్కీ చెప్పిన మహాత్ముల పేరిట జరిగిన అద్భుతాలన్నీ కల్పితాలని తేల్చే ఆ ఉత్తరాలను సెప్టెంబరులో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పత్రిక అచ్చువేసింది. అవి ఫోర్జరీలని, దావా వేసి తీరతానని బ్లావట్‌స్కీ పట్టుబట్టినా, వార్షిక సభ నియమించిన కమిటీ వద్దంది. పరువు కాపాడుకోవాలన్న ఆ జాగ్రత్త వల్ల ఎమ్మాను క్రాస్ ఎగ్జామినేషన్ చేసే అవకాశం చేజారింది. అసలు ఉత్తరాలూ తర్వాత జాడ లేకుండా పోయాయి.

అదే డిసెంబరులో అతీంద్రియ ఘటనలను పరిశోధించే లండన్ సంస్థ సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ తరఫున రిచర్డ్ హాడ్జ్‌సన్ విచారణకు వచ్చాడు. మహాత్ముల లేఖలు ప్రత్యక్షమయ్యేవని చెప్పిన చెక్క అల్మరా బ్లావట్‌స్కీ పడకగదిని ఆనుకున్న గోడకు వేలాడుతుండేది. దాని వెనుక పలక జరిగేలా తానే అమర్చానని ఎమ్మా భర్త అలెక్సిస్ చెప్పాడు. అయితే హాడ్జ్‌సన్ చూడకముందే సమాజం సభ్యులే దాన్ని తగలబెట్టేశారు. సమర్థకులు ఎంత సర్దిచెప్పినా, అనుమానానికి ఇంత బలమిచ్చిన పని మరొకటి లేదు.

ఇక దస్తూరి సంగతి. మహాత్ముల లేఖలు బ్లావట్‌స్కీ రాతలో లేవని మొదట చెప్పిన నిపుణులు, మరికొన్ని నమూనాలు అందాక మాట మార్చి, అవి ఆమె రాతేనన్నారు. ఫోర్జరీల పరిశీలనలో ఆరితేరిన, సైకికల్ రీసెర్చ్ సొసైటీ సభ్యుడైన వెర్నన్ హారిసన్ 1986లో ఆ సంస్థ పత్రికలోనే హాడ్జ్‌సన్ తర్కాన్ని తప్పుబట్టాడు. తన నిర్ణయానికి అనువైన ఆధారాలను ఏరుకుని, ఎదురొచ్చేవాటిని హాడ్జ్‌సన్ పక్కనపెట్టాడన్నది ఆయన ప్రధానాభ్యంతరం. మహాత్ములు ఉన్నారని హారిసన్ నిరూపించలేదు, నిరూపించానని చెప్పనూ లేదు. ఆయన పడగొట్టింది నివేదిక విశ్వసనీయతను. అది చిన్న విషయం కాదు, ఎందుకంటే నేటి ఆరోపణల్లో చాలావాటికి ఆ నివేదికే పునాది.

మహాత్ముల లేఖలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, మళ్లీ పరీక్షించవచ్చు. కూలోంబ్ ఉత్తరాల విషయంలో మాత్రం ఆ వీలు ఎవరికీ మిగల్లేదు.