బుట్ట వదులైతే, దుప్పటి సాగితే మీ చేతిని తిట్టుకోకండి

"నాకు చెయ్యి తిరగదండీ, వదిలేస్తాను." బుట్టల అల్లిక, క్రోషియా దుప్పట్లు నేర్పడం మొదలుపెట్టిన ఈ పదకొండేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. అన్నవాళ్లలో చాలామంది అల్లిక చూస్తే ఏ లోపమూ కనిపించదు.

ఆమధ్య ఒకావిడ తన మొదటి పేము బుట్టను తువ్వాలులో చుట్టి తెచ్చారు. బల్ల మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా అంచు పట్టుకుని కదిపారు. బుట్ట కటకటమంది. అల్లిన రోజున గోరు కూడా దూరనంత బిగువుగా ఉన్న వరుసల మధ్య వెలుతురు కనిపిస్తోంది. ఆవిడ కళ్లలో నీళ్లు. పుల్లలు ఎంతసేపు నానబెట్టారని అడిగాను. "రాత్రంతా. ఎంత నానితే అంత మంచిదన్నారు."

ఎవరు పుట్టించారో గానీ, ఈ మాట వల్ల పాడైన బుట్టలు ఇన్నీ అన్నీ కావు. పేము నీళ్లు పీల్చుకుంటే ఉబ్బుతుంది, ఆరితే సన్నబడుతుంది. ఉబ్బిన పుల్లతో ఎంత బిగించి అల్లినా, ఆరాక ప్రతి వరుసలో కొంచెం ఖాళీ మిగులుతుంది. పాతిక వరుసల్లో ఆ కొంచెం కొంచెం కలిస్తే బుట్ట కదలకుండా ఎలా ఉంటుంది? పైగా ఎక్కువ నానితే పుల్ల మీద నూగు లేస్తుంది, రంగు మాసిపోతుంది. సన్నటి పుల్లలకు గోరువెచ్చని నీళ్లలో పది, పదిహేను నిమిషాలు చాలు. వేలికి చుట్టి చూడండి, చిట్లకుండా తిరిగితే నానినట్టే. అల్లుతుండగా ఆరిపోతే తడిగుడ్డతో తుడుచుకోవచ్చు.

అడుగు అల్లడం పూర్తయ్యాక నేను ఆ రోజుకు పని ఆపేస్తాను. రాత్రికి అది ఆరుతుంది. పొద్దున వరుసల్ని వేళ్లతో మధ్యకు నొక్కి, నిలువు పుల్లలు పైకి వంచే చోట మాత్రమే మళ్లీ తడుపుతాను. తడపకుండా వంచితే అక్కడే విరుగుతాయి. ఆవిడ బుట్టకూ ఇదే వైద్యం చేశాం. అంచు విప్పి, పూర్తిగా ఆరిన వరుసల్ని ఒక్కొక్కటే కిందికి దింపుకుంటూ వస్తే పైన రెండు వేళ్ల మందం ఖాళీ వచ్చింది. అందులో ఇంకో నాలుగు వరుసలు వేసి అంచు కట్టారు. అవే చేతులతోనే! ప్లాస్టిక్ వైరుతో అల్లేవాళ్లకు ఈ గొడవ లేదు, అది నీళ్లు పీల్చదు.

దుప్పట్ల దగ్గరా ఇలాంటి అపోహే ఒకటి ఉంది: కొలత చూసుకోవడానికి ముందుగా అల్లే చిన్న శాంపిల్ ముక్క దండగ, ఆ ఊలుతో నాలుగు వరుసలు వేసుకోవచ్చు అని. దీని ఖరీదు నేను నాలుగు నెలల పనితో కట్టాను. మా అక్క కోసం 120 సెంటీమీటర్ల వెడల్పు దుప్పటి మొదలుపెట్టాను. 10 సెంటీమీటర్లకు 18 కుట్లు వస్తున్నాయి కదా అని 216 వేసుకున్నాను. అల్లినంతకాలం కొలత సరిగ్గా ఉంది. మొదటిసారి ఉతికాక 10 సెంటీమీటర్లలో 16 కుట్లే మిగిలాయి. దుప్పటి 135 సెంటీమీటర్లకు వెళ్లిపోయింది, పొడవు చెప్పక్కర్లేదు. ఒక్క కుట్టు తప్పు లేదు. మెషిన్‌లో ఉతకడానికి వీలుగా తయారుచేసిన ఊలు తడిస్తే బాగా సాగుతుందన్న సంగతి నాకు అప్పటికి తెలియదు, అంతే.

అందుకే శాంపిల్ కనీసం 15 సెంటీమీటర్ల చదరం అల్లండి. దుప్పటిని ఎలా ఉతకబోతున్నారో దాన్నీ అలాగే ఉతకండి. పూర్తిగా ఆరాక, అంచులు వదిలేసి మధ్యలో 10 సెంటీమీటర్లు కొలిచి కుట్లు లెక్కపెట్టండి. ఒక సాయంత్రం పని. నాలుగు నెలల టెన్షన్ తప్పుతుంది.

ఇందులోనే ఇంకో చిక్కు ఉంది. మనం ఉండ చుట్టి ఉన్న ప్రతిదాన్నీ ఊలు అనేస్తాం. అందులో చాలావరకు అక్రిలిక్. అసలు ఊలును, మెషిన్‌లో ఉతకడానికి తయారుచేసినది కాకపోతే, వేడినీళ్లలో వేసి రుద్దితే ముడుచుకుపోయి అట్టలా అవుతుంది, మళ్లీ విడదీయలేం. అక్రిలిక్‌కు ఆ భయం లేదు గానీ, ఇస్త్రీపెట్టె తగిలిందంటే జావగారిపోతుంది, అదీ తిరిగి రాదు. లేబుల్ పోతే చిన్న పోగును పట్టకారుతో పట్టుకుని, సింకు మీద వెలిగించి చూడండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, మిగిలినది వేళ్ల మధ్య పొడి అయితే ఊలు. కరిగి గట్టి పూసలా మిగిలితే అక్రిలిక్.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. దుప్పటి పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతోందంటే చెయ్యి బిగుసుకోవడం కన్నా, వరుస చివరి కుట్టు వదిలేయడమే ఎక్కువసార్లు కారణం. మొదటి కుట్టుకు, చివరి కుట్టుకు ఒక్కో పిన్నీసు పెట్టుకోండి. బుట్టకు నిలువు పుల్లలు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉండాలన్నది సగం నిజం. ఒకే పుల్లతో ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి అల్లుకుంటూ పోయేటప్పుడే అది అవసరం, లేకపోతే రెండో చుట్టు కూడా మొదటి చుట్టులాగే పడుతుంది. రెండు పుల్లలు మెలేసి అల్లితే సరిసంఖ్య అయినా ఫర్వాలేదు. మణికట్టు నొప్పి అలవాటైతే పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి, అరగంటకోసారి చేతులు దించండి. అల్లిక డిప్రెషన్‌ను నయం చేస్తుందని విని మందులు ఆపేద్దామా అని ఒకరు నన్నే అడిగారు. అల్లుతుంటే మనసు కుదుటపడుతుంది, నాకూ పడుతుంది. మందుల సంగతి మాత్రం డాక్టరే చెప్పాలి.

పసిపాప కోసం దుప్పటి అల్లుతున్నవాళ్లకు ఒక్క మాట. ఏడాది లోపు పిల్లలు నిద్రపోతున్నప్పుడు వాళ్ల దగ్గర వదులు దుప్పటి ఉంచకూడదు, ముఖం మీద పడితే ఊపిరాడదు. పాప మెలకువగా ఉన్నప్పుడు, పక్కన పెద్దవాళ్లు కూర్చున్నప్పుడు కింద పరచడానికి వాడండి.

చివరగా, విప్పిన ఊలు పనికిరాదన్న మాట. మా అక్క దుప్పటి మొత్తం విప్పి మళ్లీ అల్లాను కాబట్టి చెబుతున్నాను. విప్పిన పోగు స్ప్రింగులా వంకర్లు తిరిగి ఉంటుంది. దాన్ని కుర్చీ వీపుకు చుట్టి, నాలుగుచోట్ల వదులుగా దారం కట్టి తీయండి. గోరువెచ్చని నీళ్లలో కాసేపు ముంచి, పిండకుండా నొక్కి, నీడలో వేలాడదీయండి. ఆరేసరికి వంకర్లు పోతాయి. లోపలి పోగులు కూడా ఆరాయో లేదో చూసుకుని అప్పుడు ఉండ చుట్టండి.