షికాగో నల్లవారి ఇళ్లు: సొమ్ము కట్టినా చేతికి రాని దస్తావేజులు

షికాగో పశ్చిమాన ఉన్న నార్త్ లాండేల్ ఎందుకు పాడుబడిందంటే, అక్కడి నల్లవారు ఇళ్లను సరిగా చూసుకోలేదని చాలాకాలం చెప్పుకున్నారు. క్రయపత్రాలు, కోర్టు రికార్డులు తిరగేసిన చరిత్రకారులకు కనిపించింది వేరు. ఆ పేటను చెడగొట్టింది అప్పు ఇచ్చే పద్ధతి.

1930లకు ముందు అమెరికాలో ఇల్లు కొనాలంటే ధరలో సగం దాకా చేతి నుంచి పెట్టుకుని, మిగతాది సాధారణంగా మూడు నుంచి అయిదేళ్లలో తీర్చాలి. 1934లో వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ తాను అప్పివ్వకుండా, బ్యాంకులిచ్చే అప్పుకు బీమా ఇచ్చింది; అంటే, కొన్నవారు అప్పు తీర్చకపోతే బ్యాంకుకు తాను చెల్లిస్తానంది. ఆ ధైర్యంతో బ్యాంకులు 20 ఏళ్ల, తర్వాత 25, 30 ఏళ్ల వాయిదాలకు ఒప్పుకున్నాయి. నల్లవారున్న పేటలకు, వారు రాబోతున్న పేటలకు మాత్రం ఆ బీమా లేదు. అదే దశకంలో మరో ప్రభుత్వ సంస్థ 200కు పైగా నగరాల పటాల్లో ఇలాంటి చోట్లకు, అప్పివ్వడం ప్రమాదమన్న గుర్తుగా, ఎరుపు రంగు వేసింది. అందరికీ ఆ పటాలే గుర్తున్నాయి గాని, అసలు దెబ్బ తగిలింది బీమా నిబంధనల వల్లే.

నల్లవారికి అమ్మకూడదన్న ఒప్పందాలను కోర్టులు అమలు చేయరాదని 1948లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయినా అప్పు పుట్టలేదు. ఆ సందులోకి ఇళ్ల వ్యాపారులు దిగారు. నల్లవారు వస్తున్నారు, ధర పడిపోతుందని తెల్లవారిని భయపెట్టి చౌకగా కొనేవారు. ఆ భయం పనిచేయడానికి కారణం ఉంది: నల్ల కుటుంబం అడుగుపెడితే ఆ వీధికి బీమా అప్పు నిజంగానే ఆగిపోయేది. వ్యాపారులకు మాత్రం సేవింగ్స్ సంస్థలు అప్పిచ్చేవి. కొన్న ఇంటిని వారు నల్లవారికి కాంట్రాక్టు మీద అమ్మేవారు. లాండేల్‌లో 12,000 డాలర్లకు కొన్న ఒక ఇంటిని ఆరు నెలల్లో 27,500కు అమ్మారు.

కాంట్రాక్టులో చివరి వాయిదా కట్టేదాకా దస్తావేజు అమ్మినవాడి పేరనే ఉంటుంది. మరమ్మతులు, పన్ను, ఇంటి బీమా కొన్నవారి నెత్తిన. ఒక్క వాయిదా తప్పినా ఖాళీ చేయించవచ్చు; అంతవరకు కట్టిందంతా పోయినట్టే. ఆ ఇంటినే మరొకరికి మళ్లీ అమ్మేవారు. ఈ వాయిదాలు కట్టడానికి భార్యాభర్తలిద్దరూ రెండేసి ఉద్యోగాలు చేశారు, గదులు అద్దెకిచ్చారు, మరమ్మతులు వాయిదా వేశారు. జనం కిక్కిరిసిన, పెచ్చులూడిన ఆ ఇళ్లనే చూపించి వారిని నిందించడం ఎంతటి అన్యాయం!

1968లో కొనుగోలుదారులు కాంట్రాక్ట్ బయ్యర్స్ లీగ్‌గా ఏర్పడి, వాయిదాలు ఆపి, 1969లో ఫెడరల్ కోర్టుకెక్కారు. అక్కడ ఓడిపోయారు. అయినా వందలాది కుటుంబాలు తమ కాంట్రాక్టులను తిరిగి రాయించుకోగలిగాయి. 2019లో వెలువడిన లెక్క ప్రకారం 1950, 60 దశకాల్లో షికాగో నల్లవారు కొన్న ఇళ్లలో 75 నుంచి 95 శాతం కాంట్రాక్టు మీదివే. వ్యాపారులు కొన్న ధర కంటే సగటున 84 శాతం ఎక్కువ పెట్టారు. మొత్తం నష్టం 300 కోట్ల డాలర్లకు పైనే.

మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, ఇళ్ల అమ్మకాల్లో వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. 1965 వలస చట్టం తర్వాత వచ్చిన తెలుగువారు శివార్లలో ఇళ్లు కొన్నది ఈ చట్టం నీడలోనే. 1968లోనే పేదలకు వడ్డీ రాయితీతో బీమా అప్పులూ మొదలయ్యాయి. కానీ శిథిలమైన ఇళ్లకు ఎక్కువ విలువ కట్టి అంటగట్టారు. కుటుంబం వాయిదా తప్పితే అప్పిచ్చిన సంస్థకు ప్రభుత్వమే డబ్బు చెల్లించేది. కొన్నవారికి ఇల్లూ పోయేది, పరపతీ పోయేది. 1973 జనవరిలో నిక్సన్ ప్రభుత్వం ఆ పథకాన్ని నిలిపేసేనాటికి ఒక్క డెట్రాయిట్‌లోనే వేల ఇళ్లు ప్రభుత్వం చేతిలోకి వచ్చి పడ్డాయి.