చెత్త విండోస్ ఏది? తగాదా మూలం 2006 జనవరిలో ఉంది

విండోస్ 10కు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14న ఆగిపోయాయి. ఇళ్లలో వాడే కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ ప్రకటించిన అదనపు గడువు 2026 అక్టోబర్ 13 వరకు. ఆ గడువు చుట్టూ పాత తగాదా మళ్లీ రాజుకుంది. ఇంతవరకు వచ్చిన విండోస్‌లలో అన్నిటికన్నా చెత్తది ఏదని ఎవరిని అడిగినా నాలుగు పేర్లే వినిపిస్తాయి: ఎంఈ, విస్టా, 8, ఇప్పుడు 11. ఎంఈ రోజుకెన్నిసార్లు కుప్పకూలేదో, 8లో స్టార్ట్ బటన్ ఎలా మాయమైందో వాడినవాళ్లకు బాగా గుర్తు. ఆ రెండూ పక్కన పెట్టవచ్చు. విస్టాకూ 11కూ ఉన్న చుట్టరికమే ఇప్పుడు విడమరచి చెప్పాల్సింది. ఈ రెండింటి మీదా జనానికి కోపం మొదలైంది ఒకే ప్రశ్న దగ్గర. నా కంప్యూటర్ దీనికి సరిపోతుందా, లేదా? ఆ జవాబును కంపెనీ తేల్చిన తీరే గొడవకు మూలం.

విస్టా విడుదల వాయిదా మీద వాయిదా పడుతున్న రోజులవి. కొత్త విండోస్ వచ్చేదాకా ఆగుదామని జనం ఎక్స్‌పీ కంప్యూటర్లు కొనడం మానేస్తారేమోనని తయారీదారులకు భయం. ఆ భయానికి మందుగా వచ్చింది 2006 వసంతంలో కొత్త కంప్యూటర్ల మీద అంటించిన 'విస్టా కేపబుల్' స్టిక్కర్. ఇది కొంటే రేపు విస్టా ఎక్కించుకోవచ్చని దాని భరోసా. దాని పైన 'ప్రీమియం రెడీ' అనే మెట్టు ఇంకొకటి ఉండేది. పై మెట్టుకు 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్, 128 ఎంబీ గ్రాఫిక్స్ మెమరీ, డబ్ల్యూడీడీఎం అనే కొత్త పద్ధతిలో రాసిన గ్రాఫిక్స్ డ్రైవర్ కావాలి. కింది మెట్టుకు 800 మెగాహెర్ట్జ్, 512 ఎంబీ ర్యామ్ చాలు. డబ్ల్యూడీడీఎం డ్రైవర్ షరతు మొదట్లో కింది మెట్టుకూ ఉండేది. 2006 జనవరిలో దాన్ని ఎత్తేశారు.

ఎందుకు ఎత్తేశారన్నది అప్పట్లో కొనుగోలుదారులకు ఎవరూ చెప్పలేదు. మదర్‌బోర్డు మీద ఉండే ఇంటెల్ 915 అనే చిప్‌ల సముదాయం (చిప్‌సెట్)లోని గ్రాఫిక్స్ ఆ కొత్త డ్రైవర్‌ను మోయలేదు. తర్వాత వచ్చిన 945 మోయగలదు. 915 బోర్డులేమో ఇంకా మార్కెట్లో విరివిగా అమ్ముడవుతున్నాయి. షరతు అలాగే ఉంచితే ఆ బోర్డున్న ఏ కంప్యూటర్‌కూ స్టిక్కర్ దక్కదు.

ఆ డ్రైవర్ లేకపోతే పోయేదేమిటో చూస్తే స్టిక్కర్ విలువ తెలుస్తుంది. విస్టాలో తెర మీది కిటికీలన్నిటినీ గ్రాఫిక్స్ చిప్ విడివిడిగా గీసి, చివర్లో ఒకటిగా పేర్చి చూపిస్తుంది. గాజు అంచుల ఏరో రూపం ఆ పద్ధతి మీదే నిలబడింది. డబ్ల్యూడీడీఎం లేని చోట విస్టా ఎక్స్‌పీ కాలపు డ్రైవర్‌తో సర్దుకుని, గీసే పనిలో ఎక్కువ భాగాన్ని ప్రాసెసర్ నెత్తినే వేసేది. దానికితోడు 915 గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ఉన్న 512 ఎంబీలోంచే తన వాటా తీసుకుంటుంది. మిగిలిన దాంట్లో విస్టా ఇమడక హార్డ్‌డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకోవడం మొదలుపెడుతుంది. అదే డిస్క్ మీద సూపర్‌ఫెచ్ ముందుజాగ్రత్తగా ప్రోగ్రాములను చదువుతుంటుంది, సెర్చ్ ఇండెక్సర్ ఫైళ్లను తిరగేస్తుంటుంది. 5400 ఆర్‌పీఎం లాప్‌టాప్ డిస్క్ ఈ మూడు పనులూ ఒకేసారి చేయలేదు. డిస్క్ లైటు ఆరకుండా వెలగడం, స్టార్ట్ మెనూ తెరుచుకోవడానికి కూడా ఆగాల్సి రావడం అందుకే. యూఎస్‌బీ పెన్‌డ్రైవ్‌ను క్యాష్‌గా వాడుకునే రెడీబూస్ట్ ఇచ్చారు గానీ, అసలు మందు ర్యామ్‌ను 2 జీబీకి పెంచడమే. అది చేసిన కంప్యూటర్లలో విస్టా వేరే సిస్టమా అన్నట్టు నడిచింది.

లోపలి సంగతి బయటపడింది కోర్టులో. 2007లో సియాటిల్ ఫెడరల్ కోర్టులో కొనుగోలుదారులు కేసు వేశారు. 2008 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అంతర్గత ఈమెయిళ్లు బహిరంగమయ్యాయి. ఇంటెల్ తన 915 బోర్డులు అమ్ముకుంటూ తన త్రైమాసికపు ఆదాయ లక్ష్యం అందుకోవడానికే షరతు తగ్గించామని మైక్రోసాఫ్ట్ అధికారి జాన్ కాల్క్‌మన్ సహోద్యోగికి రాసిన మెయిల్ వాటిలో ఉంది. ఇంకో ఉన్నతాధికారి మైక్ నాష్ స్టిక్కర్ నమ్మి లాప్‌టాప్ కొని, తన చేతికి 2,100 డాలర్ల ఈమెయిల్ యంత్రం మిగిలిందని వాపోయారు. కొత్త చిప్‌సెట్ మీద ముందే పెట్టుబడి పెట్టిన హెచ్‌పీ, ఉన్నట్టుండి నిబంధన మారేసరికి మండిపడింది. లోపలివాళ్లకే అంతుపట్టని స్టిక్కర్ దుకాణంలో నిలబడ్డ సామాన్యుడికి ఎలా అర్థమవుతుంది?

మైక్రోసాఫ్ట్ వాదన వేరు. విస్టా హోమ్ బేసిక్ కూడా విస్టాయే, అందులో ఏరో గాజు రూపం ఎలాగూ లేదు, ఏ ఎడిషన్‌కు ఏ హార్డ్‌వేర్ కావాలో తాము చెబుతూనే ఉన్నాం అన్నది కంపెనీ మాట. కాల్క్‌మన్ చెప్పిన కారణాన్ని ఇంటెల్ ఖండించింది. స్టిక్కర్ వల్లే కంప్యూటర్ల గిరాకీ, ధర పెరిగాయని కొనుగోలుదారులందరి తరఫునా నిరూపించలేకపోయారంటూ 2009 ఫిబ్రవరిలో న్యాయమూర్తి మార్షా పెక్‌మన్ క్లాస్ యాక్షన్ (అందరి తరఫునా ఒకే కేసు) హోదా తీసేశారు. ధర పెరిగిందా లేదా అన్నదాని మీద కేసు వీగింది. ఆ స్టిక్కర్ నిజం చెప్పిందని మాత్రం ఆ తీర్పుకు అర్థం కాదు.

విస్టా కష్టాలన్నీ స్టిక్కర్‌వే అనడం కూడా సరికాదు. అది ఇక విడుదల కాదేమోననుకుని డ్రైవర్ల పనిని చాలామంది తయారీదారులు 2006 చివరిదాకా మొదలే పెట్టలేదు. కోర్టుకెక్కిన పత్రాల ప్రకారం 2007లో ఒక దశలో నమోదైన క్రాష్‌లలో దాదాపు 29 శాతం ఎన్‌విడియా డ్రైవర్లవే, మైక్రోసాఫ్ట్ సొంత వాటా దాదాపు 18 శాతం. పెద్ద ఫైళ్లు కాపీ చేస్తే నత్తనడక నడిచేది, దాన్ని 2008లో సర్వీస్ ప్యాక్ 1తో చాలావరకు సరిచేశారు. పాట వింటుంటే గిగాబిట్ నెట్‌వర్క్ వేగం పడిపోయేది. ఆడియో ఆగిపోకుండా ఉండేందుకు మిల్లీసెకనుకు 10 ప్యాకెట్లకు మించి రానివ్వకుండా సిస్టమే గేటు వేసేది.

తెలుగువాళ్లకైతే విస్టా చేసిన మేలు ఒకటుంది, దాన్ని తలచుకునేవాళ్లు తక్కువ. ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్ వచ్చినా, కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ ట్యాబ్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ గడిలో టిక్ పెట్టి, అడిగినప్పుడు విండోస్ సీడీ వేసి, రీస్టార్ట్ చేస్తేగానీ తెలుగు పని చేసేది కాదు. సీడీ లేనివాళ్లకు తెలుగు చోట డబ్బాలే మిగిలేవి. విస్టాలో టిక్కూ లేదు, సీడీ వెతుకులాటా లేదు. మొదటి రోజునుంచే ఒత్తులతో సహా తెలుగు కనిపించింది.

2008 జూలైలో మైక్రోసాఫ్ట్ విస్టాకే 'మొజావే' అని మారుపేరు పెట్టి, విస్టా అంటే గిట్టనివాళ్లకు చూపించింది. చాలామంది బాగుందన్నారు. జనం అభిప్రాయం ఉత్త పుకారేనని చెప్పడానికి కంపెనీ దాన్ని ప్రచారంలో వాడుకుంది. నడిపి చూపించిందేమో కంపెనీ మనిషి, కంప్యూటర్‌లో ఉన్నది 2 జీబీ ర్యామ్. 512 ఎంబీ కంప్యూటర్ కొని మోసపోయినవాడి అనుభవానికి అది జవాబు కాదు. 2009 అక్టోబర్ 22న వచ్చిన విండోస్ 7 లోపలి వెర్షన్ నంబరు 6.1, విస్టాది 6.0. పునాది అదే, డ్రైవర్ పద్ధతి అదే. అప్పటికి డ్రైవర్లు కుదురుకున్నాయి, కొత్త కంప్యూటర్లలో ర్యామ్ పెరిగింది. విస్టాను తిట్టినవాళ్లే 7ను నెత్తిన పెట్టుకున్నారు.

ఆ తర్వాత పన్నెండేళ్ల పాటు కనీస హార్డ్‌వేర్ గీత పెద్దగా కదల్లేదు. 7కు, 8కు, 10కి చెప్పింది 1 గిగాహెర్ట్జ్, 32 బిట్‌కు 1 జీబీ, 64 బిట్‌కు 2 జీబీ. పాత కంప్యూటర్ మీద కొత్త విండోస్ ఎక్కడం జనానికి అలవాటైపోయింది. 2015లో 10ని ఏడాదిపాటు ఉచితంగా ఇవ్వడమే కాదు, మరుసటి ఏడాదికల్లా వద్దని కిటికీ మూసినా సరే అన్నట్టు లెక్కేసి ఎక్కించేదాకా వెళ్లింది కంపెనీ. 2015లోనే, 10యే చివరి విండోస్ అని కంపెనీ ఉద్యోగి ఒకరు సభలో అన్న మాటను చాలామంది వాగ్దానంగానే తీసుకున్నారు.

2021 జూన్ 24న ప్రకటించిన 11తో గీత ఒక్కసారిగా పైకి జరిగింది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి, బూట్ సమయంలో దొంగ కోడ్‌ను ఆపే సెక్యూర్ బూట్, రహస్య తాళాలను భద్రపరిచే టీపీఎం 2.0, వీటితోపాటు ఆమోదించిన ప్రాసెసర్ల జాబితా. మామూలు లెక్కలో ఇంటెల్ 8వ తరం, ఏఎండీ రైజెన్ 2000 నుంచే. కంప్యూటర్ సరిపోతుందో లేదో చెప్పడానికి ఇచ్చిన పీసీ హెల్త్ చెక్ మొదట్లో పనికిరాదని చెప్పి ఊరుకునేది, ఎందుకో చెప్పేది కాదు. విమర్శలు వచ్చాక దాన్ని వెనక్కి తీసుకుని మార్చారు.

చర్చలన్నీ టీపీఎం చుట్టూ తిరిగాయి గానీ, అసలు వేటు వేసింది ప్రాసెసర్ల జాబితా. కొత్త కంప్యూటర్లలో టీపీఎం 2.0 ఉండాలని మైక్రోసాఫ్ట్ 2016 జూలైలోనే తయారీదారులకు నిబంధన పెట్టింది. అందువల్ల 7వ తరం లాప్‌టాప్‌లలో అది సాధారణంగా ఉంటుంది. విండోస్ గుండెకాయ లాంటి కర్నల్‌లోకి దొంగ కోడ్ చొరబడకుండా కాపలా కాసే మెమరీ ఇంటెగ్రిటీని వేగంగా నడిపేందుకు ప్రాసెసర్‌లో ఎంబీఈసీ అనే ఏర్పాటు ఉంటే మంచిది. ఇంటెల్‌లో అది 7వ తరం నుంచే ఉంది. ఏఎండీలో దానికి సమానమైనది రైజెన్ 2000 తర్వాత వచ్చిన జెన్ 2తోగానీ రాలేదు. ఆ కొలత ప్రకారం ఇంటెల్ 7వ తరం లోపల, రైజెన్ 2000 బయట ఉండాలి. జాబితాలో జరిగింది తలకిందులు. ఐ5-7200యూ, ఐ5-8250యూ రెండూ కేబీ లేక్ కుటుంబమే, రెండోదాంట్లో కోర్లు నాలుగు. మొదటిది బయట, రెండోది లోపల.

మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సమాధానం, అర్హత లేని కంప్యూటర్లలో కర్నల్ స్థాయి క్రాష్‌లు 52 శాతం ఎక్కువ వచ్చాయని. 2021 ఆగస్టులో ఆ మాట చెబుతూనే 7వ తరంలోంచి కొన్ని చిప్‌లను లోపలికి చేర్చారు. వాటిలో 7820హెచ్‌క్యూ ఒకటి, కంపెనీ సొంత సర్ఫేస్ స్టూడియో 2లో ఉండేది అదే. 915 కోసం గీత కిందికి జరగడం చూసినవాళ్లు ఈ మినహాయింపును తేలిగ్గా మరిచిపోలేరు. 2006లో తయారీదారుల అమ్మకాల కోసం గీత దించితే దెబ్బ తిన్నది కొత్తగా కొన్నవాడు. 2021లో గీత పెంచితే ఖర్చు పడింది పాతది నడుపుకుంటున్నవాడి మీద. రెండుసార్లూ గీత ఎక్కడ గీయాలో వాడేవాణ్ని అడగలేదు.

నిజంగా నడవని కంప్యూటర్ ఏదన్నది 2024 అక్టోబర్‌లో వచ్చిన 11 వెర్షన్ 24హెచ్2తో తేలిపోయింది. అందులో పాప్‌కౌంట్, ఎస్ఎస్ఈ4.2 ఆదేశాలు లేని ప్రాసెసర్ మీద విండోస్ బూటే అవదు. ఇంటెల్‌లో ఆ ఆదేశాలు 2008 నాటి నెహాలెమ్ నుంచీ ఉన్నాయి. అంటే యంత్రం చెప్పే గీతకూ కాగితం చెప్పే గీతకూ మధ్య దాదాపు తొమ్మిదేళ్ల తేడా.

చేతిలో ఉన్న కంప్యూటర్ ఎక్కడ ఆగుతోందో తేల్చుకోవడం పది నిమిషాల పని. విండోస్, ఆర్ కలిపి నొక్కి 'టీపీఎం.ఎంఎస్‌సీ' తెరిస్తే స్పెసిఫికేషన్ వెర్షన్ కనిపిస్తుంది. టీపీఎం లేదని వస్తే కంగారు పడనక్కర్లేదు, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల్లో) ఇంటెల్‌కు పీటీటీ, ఏఎండీకి ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఆపి ఉంచుతారు. సెక్యూర్ బూట్‌కు యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి కావాలి. 'ఎంఎస్ఇన్‌ఫో32'లో బయోస్ మోడ్ లెగసీ అని ఉంటే డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉన్నట్టు. బ్యాకప్ తీసుకుని, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఎంబీఆర్2జీపీటీ'ని ముందు వాలిడేట్, అలౌఫుల్ఓఎస్ ఆప్షన్లతో పరీక్షించి, తర్వాత కన్వర్ట్, అలౌఫుల్ఓఎస్ ఆప్షన్లతో నడపాలి. ఆ తర్వాతే బయోస్‌ను యూఈఎఫ్ఐకి మార్చాలి. ముందుగా మారిస్తే విండోస్ బూట్ కాదు. ఎఫ్‌టీపీఎం ఆన్ చేశాక కొన్ని రైజెన్ కంప్యూటర్లు ఉండుండి క్షణంపాటు బిగుసుకుపోయేవి. లోపం తమదేనని ఏఎండీ 2022లో ఒప్పుకుని బయోస్ సవరణ ఇచ్చింది, కాబట్టి ముందు బయోస్ అప్‌డేట్ చేయడం మేలు.

ఇవన్నీ సరిపోయి ప్రాసెసర్ దగ్గర మాత్రమే ఆగేవే ఎక్కువ. ఆఫీసుల లీజు ముగిసి హైదరాబాద్ సెకండ్ హ్యాండ్ దుకాణాలకు చేరిన 6వ, 7వ తరం లాప్‌టాప్‌లు 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీతో చదువులకు, బిల్లింగ్‌కు నిక్షేపంగా నడుస్తున్నాయి. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాముతో తయారుచేసిన యూఎస్‌బీతో వీటిమీద 11 ఎక్కుతుంది. అప్‌డేట్లకు మాత్రం మైక్రోసాఫ్ట్ పూచీ లేదు, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్‌ను మళ్లీ చేత్తో ఎక్కించుకోవాలి. 10తోనే ఉండదలిస్తే వెర్షన్ 22హెచ్2 అయ్యుండి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయి, సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ నొక్కాలి. సెట్టింగ్స్‌ను బ్యాకప్‌కు ఇస్తే ఉచితం, లేదా 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లు. ఒక ఖాతా మీద 10 కంప్యూటర్ల దాకా చేర్చుకోవచ్చు. ఐరోపా ఆర్థిక ప్రాంతంలో ఉన్నవాళ్లకు బ్యాకప్ షరతు కూడా లేకుండా ఇచ్చారు. సంస్థలకు ఒక్కో కంప్యూటర్‌కు తొలి ఏడాది 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు, మొత్తం మూడేళ్లు.

10కి ఉచిత అప్‌డేట్లు ఆపకూడదంటూ 2025 ఆగస్టులో శాన్ డియేగో కోర్టులో ఒక వినియోగదారుడు కేసు వేశాడు. విండోస్ 10 నడుస్తున్న కంప్యూటర్లు మొత్తం విండోస్ కంప్యూటర్లలో 10 శాతం కన్నా తగ్గేదాకా అప్‌డేట్లు ఇస్తూనే ఉండాలన్నది అతని కోరిక.