జెయింట్ వీల్ ప్రమాదాలు: కేసు ఆపరేటర్ దగ్గరే ఎందుకు ఆగిపోతోంది?

2018 మే చివర్లో అనంతపురంలో ఎగ్జిబిషన్ జరుగుతుండగా జెయింట్ వీల్ తొట్టి ఒకటి ఊడి కిందపడింది. పదేళ్ల పాప చనిపోయింది, మరో ఆరుగురు గాయపడ్డారు. బోల్టు వదులైందని చెప్పినా ఆపరేటర్ పట్టించుకోలేదని, అతను తాగి ఉన్నాడని అక్కడున్నవాళ్లు ఆరోపించినట్టు అప్పటి వార్తల్లో వచ్చింది. జనం అతన్ని కొట్టారు, పోలీసులు తీసుకెళ్లారు. బిడ్డ పోయినచోట కోపం రాకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ బోల్టు బిగించింది ఎవరు, బిగించాక పరీక్షించింది ఎవరు, వీల్ తిప్పుకోవచ్చని ఏం చూసి ఒప్పుకున్నారు అన్న ప్రశ్నలు ఆ కోపంలో వెనక్కి వెళ్లిపోతాయి.

ఇలాంటి ప్రమాదం జరిగితే ముందుగా దొరికేది మీట దగ్గర నిలబడ్డ మనిషే. చాలాసార్లు కేసు కూడా అతని చుట్టూనే తిరుగుతుంది. ఇది పోలీసుల అలవాటు మాత్రమే అనుకుంటే పొరపాటు. దీని వెనక నూట యాభై ఏళ్ల చట్టం చరిత్ర ఉంది.

తిరునాళ్లలో రంగులరాట్నం మనకు కొత్త కాదు. చెక్కతో చేసి, మనిషి చేత్తో తిప్పే ఆ రాట్నం మీద నుంచి పడితే మోకాళ్లు గీసుకుపోయేవి. ఇనుప చక్రం సంగతి వేరు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన కోసం జార్జ్ ఫెర్రిస్ కట్టిన చక్రం సుమారు 80 మీటర్ల ఎత్తు ఉండేది. అదే నమూనా చిన్నదై, లారీల్లోకి ఎక్కి, ఇప్పుడు కడప పెద్ద దర్గా ఉరుసుకీ, ప్రొద్దుటూరు దసరాకీ, కర్నూలు, అనంతపురం వేసవి ఎగ్జిబిషన్లకీ వస్తోంది.

చట్టం మాత్రం అంత వేగంగా రాలేదు. రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, 1888లో, ‘ప్లేసెస్ ఆఫ్ పబ్లిక్ రిసార్ట్’ చట్టం వచ్చింది. జనం వినోదానికి గుమిగూడే చోటుకు లైసెన్సు ఉండాలన్నది దాని సారాంశం. దాని దృష్టంతా చోటు మీదే. ఆ చోట్లో తిరిగే యంత్రం సంగతి ఆనాటివాళ్లు ఊహించి ఉండరు. ఇప్పటికీ ఎగ్జిబిషన్ అనుమతి అంటే మైదానం అద్దె, పోలీసుల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫైర్ ఎన్‌ఓసీ, తాత్కాలిక కరెంటు కనెక్షనే ఎక్కువగా గుర్తొస్తాయి. ఫ్యాక్టరీతో పోల్చి చూడండి. లిఫ్టును, సరుకు పైకెత్తే హాయిస్టును కనీసం ఆరు నెలలకోసారి అర్హత ఉన్న వ్యక్తి పూర్తిగా పరీక్షించాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. సిమెంటు బస్తాలు మోసే యంత్రానికి ఆ నియమం పెట్టారు. పిల్లల్ని ఎత్తే చక్రం ఫ్యాక్టరీలో ఉండదు కాబట్టి ఆ చట్టం దాని దాకా రాలేదు.

ఆ చక్రాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ముక్కలుగా వచ్చినదాన్ని మైదానంలో నిలబెట్టి, కాళ్ల కింద చెక్క దిమ్మెలు పెడతారు. మన నల్లరేగడి నేల గట్టి వాన పడితే మెత్తబడి దిగిపోతుంది. ఒక కాలు కాస్త దిగినా చక్రం ఒరిగి, బరువు ఒకవైపు బేరింగ్ మీద పడుతుంది. ప్రతి తొట్టీ రెండు పక్కలా పిన్నుల మీద వేలాడుతుంది. ఆ పిన్ను జారకుండా బోల్టో, స్ప్లిట్ పిన్నో అడ్డం ఉంటుంది. ఊరు మారిన ప్రతిసారీ విప్పడం, బిగించడం వల్ల మరలు అరుగుతాయి. వెల్డింగ్ అతుకుల దగ్గర సన్నటి పగుళ్లు వస్తాయి. పైన కొత్త పెయింట్ పడితే అవి కంటికి ఆనవు. ఇన్నింటిలో ఆపరేటర్ చేతిలో ఉన్నవి కొన్నే: ఎదురెదురు తొట్లలో బరువు సరిచూసి ఎక్కించడం, గొళ్లెం వేయడం, వేగం, ఆపడం. మిగతావన్నీ యజమాని డబ్బు పెట్టి చేయించాల్సిన పనులు.

ఇక శిక్షల సంగతి. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే శిక్షించే 304ఏ సెక్షన్‌ను 1870లో ఐపీసీలో, అంటే పాత భారత శిక్షాస్మృతిలో, చేర్చారు. గరిష్ఠ శిక్ష రెండేళ్ల జైలు. దాన్ని ఎలా చదవాలో 1965లో సుప్రీంకోర్టు కుర్బాన్ హుస్సేన్ కేసులో చెప్పింది. బొంబాయిలో ఒక రంగుల ఫ్యాక్టరీ. లైసెన్సు లేని పద్ధతిలో, టర్పెంటైన్, వార్నిష్ నిల్వ ఉన్న గదిలోనే బర్నర్లు పెట్టి పని చేయించారు. మరిగిన పదార్థం చల్లారకముందే ఒక పనివాడు తొందరపడి టర్పెంటైన్ పోశాడు. మంటలు లేచి ఏడుగురు కార్మికులు చనిపోయారు. మరణానికి నేరుగా దారితీసింది పనివాడి తొందరపాటేనని, మంటలకు తావిచ్చే పరిస్థితి కల్పించినంత మాత్రాన 304ఏ వర్తించదని కోర్టు అంది. ఆ సెక్షన్ కింద యజమాని బయటపడ్డాడు. నిప్పు విషయంలో నిర్లక్ష్యానికి వేసిన చిన్న శిక్ష మాత్రం నిలిచింది.

ఆ తీర్పులో తర్కం ఉంది. సంబంధం లేనివాడిని జైలుకు పంపకూడదు, నిజమే. కానీ దాన్ని జెయింట్ వీల్‌కు అన్వయిస్తే, మరణానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న చెయ్యి ప్రతిసారీ ఆపరేటర్‌దే అవుతుంది. అతన్ని శిక్షణ లేకుండా అక్కడ నిలబెట్టినవాడు ఎప్పుడూ రెండడుగులు దూరంలోనే ఉంటాడు. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

వేరే దేశాల్లో ఈ లెక్క మారింది. 2015 జూన్‌లో ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ వినోద పార్కులో, రోలర్ కోస్టర్ ట్రాక్ మీద ఒక ఖాళీ బండి ఆగి ఉండగా, కంప్యూటర్ ఆపిన రైడ్‌ను సిబ్బంది మళ్లీ నడిపించారు. జనంతో ఉన్న బండి వెళ్లి దాన్ని గుద్దింది. ఇద్దరు యువతులు కాలు కోల్పోయారు. పైకి చూస్తే అది అచ్చంగా సిబ్బంది తప్పే. అయినా అలాంటి నిర్ణయం ఎవరు, ఎలా తీసుకోవాలో చెప్పే ఏర్పాటే సరిగా లేదంటూ కంపెనీకి 50 లక్షల పౌండ్ల జరిమానా పడింది. 2016లో ఆస్ట్రేలియాలోని డ్రీమ్‌వరల్డ్ వినోద పార్కులో ఒక నీటి రైడ్ పంపు ఆగిపోయి, రెండు తెప్పలు ఢీకొని నలుగురు చనిపోయారు. తెప్పల్ని మోసే కన్వేయర్‌ను రెండు సెకన్లలో ఆపగలిగే బటన్ అక్కడే ఉంది. ఆ పనిలో కొత్తగా చేరిన ఆపరేటర్‌కు ఆ బటన్ ఏం చేస్తుందో ఎవరూ సరిగా చెప్పలేదు. జరిమానా కట్టింది మళ్లీ కంపెనీయే, 36 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు.

మన సివిల్ చట్టం మాత్రం యజమాని వైపు ఎప్పటినుంచో వేలు చూపిస్తోంది. ఉద్యోగంలో భాగంగా పనివాడు చేసిన తప్పుకు పరిహారం యజమానే కట్టాలి. 1966లో ఢిల్లీ చాందినీ చౌక్ గడియార స్తంభం కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. సరిగా చూసుకుంటే కూలని కట్టడం కూలితే, నిర్లక్ష్యం లేదని నిరూపించుకోవాల్సిన బరువు దాన్ని చూసుకునేవాళ్ల మీదే ఉంటుందంది. తిరిగే తొట్టి తనంతట తాను ఊడిపడదు కాబట్టి మన కేసులకు ఈ తీర్పు చాలా ముఖ్యం. అయితే 1997లో 59 మంది చనిపోయిన ఉపహార్ సినిమాహాలు కేసులో, 2011 నాటి తీర్పు పరిహారాన్ని హాలు యజమానులకు 85 శాతం, విద్యుత్ బోర్డుకు 15 శాతం పంచి, లైసెన్సు ఇచ్చినవాళ్లను, మున్సిపల్ కార్పొరేషన్‌ను పరిహారం బాధ్యత నుంచి తప్పించింది. సంతకం పెట్టే చేతికి భయం లేకపోవడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

క్రిమినల్ కేసుల్లోనూ కొంత కదలిక వచ్చింది. 2019 జూలైలో అహ్మదాబాద్ కాంకరియాలో ఊగే రైడ్ విరిగిపడి ఇద్దరు చనిపోయినప్పుడు, ఆపరేటర్లతో పాటు రైడ్ నడిపే సంస్థ అధిపతిని కూడా అరెస్టు చేశారు. పెట్టింది 304ఏ కాదు, హత్య కిందికి రాని ప్రాణహరణకు వర్తించే, అంతకంటే బరువైన 304. ప్రమాదం ఉందని తెలిసీ నడిపించారా అన్నదే ఇందులో కీలకం. ‘బోల్టు వదులైంది, ఆపండి’ అని ఎవరైనా ముందే చెప్పారన్న సాక్ష్యానికి అందుకే అంత విలువ. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యపు మరణానికి 106వ సెక్షన్ కింద శిక్ష ఐదేళ్ల వరకు పెరిగింది. యంత్రాల విషయంలో నిర్లక్ష్యానికి 289 కింద ఇప్పటికీ ఆరు నెలలే.

రోడ్డు ప్రమాదమైతే బాధితులకు ట్రిబ్యునల్ ఉంది, వెనక బీమా కంపెనీ ఉంది. రైడ్ ప్రమాదానికి అలాంటి ప్రత్యేక ట్రిబ్యునల్ లేదు. సివిల్ కోర్టుకు వెళ్లాలి, లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు. టికెట్ కొన్నవాళ్లు వినియోగదారులే. 2019 చట్టం ప్రకారం కమిషన్ పరిధి కట్టిన డబ్బును బట్టి ఉంటుంది కాబట్టి, వంద రూపాయల టికెట్ మీద ఫిర్యాదు జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, ఫీజు ఉండదు, లాయరు తప్పనిసరి కాదు. ‘ప్రమాదాలకు మేము బాధ్యులం కాము’ అని టికెట్ మీద అచ్చువేసినంత మాత్రాన యజమాని బాధ్యత తీరిపోదు. గడువు రెండేళ్లు. క్రిమినల్ కేసు తేలాక చూద్దామని కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది. ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆసుపత్రి కాగితాలు, ఊడిన భాగాల ఫొటోలు, టికెట్ ముక్క దాచిపెట్టుకుని, ప్రతివాదుల్లో ఆపరేటర్ కంటే ముందు యజమాని పేరు, ఎగ్జిబిషన్ నిర్వాహకుడి పేరు రాయాలి.