మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడుతున్నాడా? పెట్టనివ్వండి

మొన్న బడి వదిలాక ఒక నాన్నగారు గేటు దగ్గర ఆగి ఫోన్‌లో వీడియో చూపించారు. నాలుగున్నరేళ్ళ పిల్లాడు, ముందు వర్క్‌షీట్, అందులో మూడు చిలకలు, పక్కన రెండు చిలకలు. వాడు వేలు పెట్టి మూడూ లెక్కపెట్టాడు, కరెక్టే. రెండూ లెక్కపెట్టాడు, అదీ కరెక్టే. "మొత్తం ఎన్నిరా?" అనగానే మళ్ళీ మొదటి చిలక దగ్గరికి పోయి "ఒకటి, రెండు..." అని అందుకున్నాడు. వెనక నుంచి నాన్న గొంతు, "ఇప్పుడే కదరా మూడన్నావ్!" వాడు ఆగిపోయి పైకి చూశాడు, అక్కడితో వీడియో అయిపోయింది. "ఏటి టీచర్ గారూ, వీడి బుర్రలో ఏటీ నిలబడట్లేదు, ట్యూషన్ పెట్టించమంటారా?" అని ఆయన అడుగుతుంటే పిల్లాడు పక్కనే కూర్చుని చెప్పు పట్టీ ఊడదీసుకుంటున్నాడు. అంతా వింటున్నాడు.

ఒడిశాలోని పర్లాకిమిడిలో పదిహేనేళ్ళుగా నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలతోనే నా పని. ఒడియా ఇళ్ళ పిల్లలు నన్ను గురుమా అంటారు, మన తెలుగిళ్ళ పిల్లలు టీచర్ అంటారు, ఏ ఇంటి నుంచి వచ్చినా ఫిర్యాదు మాత్రం ఇదే. అందుకే దీన్నే ముందు రాస్తున్నా, మిగతావి తర్వాత చకచకా చెప్పేస్తా.

అపోహ: లెక్కపెట్టినదాన్నే మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడుతున్నాడంటే పిల్లాడు మందకొడి. కూడికలు బట్టీ పట్టించాలి.

వాస్తవం: ఆ పిల్లాడు చేసిందే కూడిక. మీరు ఆపకపోతే ఐదు అని చెప్పేవాడు కూడా.

మనకు మూడు అంటే ఒక మూట. ముడి విప్పకుండానే దాని మీద ఇంకో రెండు వేసుకుని ఐదు అనేస్తాం. నాలుగేళ్ళ పిల్లాడి దగ్గర ఆ మూట ఇంకా లేదు. వాడికి మూడు అంటే ఈ చిలక, ఈ చిలక, ఆ చిలక. మొత్తం అడిగారు కాబట్టి మొత్తాన్నీ ఒక్కొక్కటిగా ముట్టుకుని వస్తాడు, అందులో తప్పేముంది? మొదట అన్నీ కలిపి ఒకటి నుంచి లెక్కపెడతారు, కొన్నాళ్ళకు మూడు దగ్గర నిలబడి "నాలుగు, ఐదు" అని ముందుకు పోతారు, ఇంకా తర్వాత లెక్కపెట్టకుండానే గుర్తు నుంచి చెబుతారు. రెండో మెట్టు చాలామందికి ఐదారేళ్ళ మధ్య వస్తుంది, కొందరికి ఏడో ఏడు కూడా పడుతుంది. అది నేను చెబితే వచ్చేది కాదు, మీరు కసిరితే అసలే రాదు. అన్నీ లెక్కపెట్టి లెక్కపెట్టి, విసుగొచ్చి, అడ్డదారి వాడంతట వాడే కనిపెడతాడు.

ఆ కనిపెట్టడం కళ్ళారా చూడాలంటే ఇంట్లో ఒక అగ్గిపెట్టె చాలు. పుల్లలు తీసేసి, గీసే వైపు కాగితం అంటించి, పైన మూడు చుక్కలు పెట్టండి. పిల్లాడి చేతే మూడు చింతగింజలు అందులో వేయించి మూయించండి. బయట ఇంకో రెండు గింజలు పెట్టి మొత్తం ఎన్ని అని అడగండి. మొదటి రోజుల్లో పెట్టె తెరిచేస్తాడు, తెరవనివ్వండి. తర్వాత్తర్వాత తెరవడు కానీ మూత మీద వేలితో టక్ టక్ టక్ అని మూడుసార్లు కొట్టి "ఒకటి, రెండు, మూడు" అని, బయటి గింజల మీదకు వచ్చి "నాలుగు, ఐదు" అంటాడు. కనబడని గింజల్ని లెక్కపెడుతున్నాడన్నమాట, నాకైతే ఇన్నేళ్ళ తర్వాత కూడా అది చూస్తే సరదాగానే ఉంటుంది. ఇంకొన్ని వారాలకు ఒకరోజు మూత వైపు ఊరికే ఒక చూపు చూసి, "మూడూ..." అని కాస్త సాగదీసి, "నాలుగు, ఐదు" అనేస్తాడు. ఆ సాగదీసిన చోటే మూట ముడి పడింది. ఆరోజు మీరు చప్పట్లు కొట్టక్కర్లేదు, వాడికి తెలుసు. పోయినేడాది ఒక పాప అలా చెప్పేసి, నమ్మకం లేక పెట్టె తెరిచి చూసుకుని, నిజంగానే ఐదున్నాయని నావైపు చూసి నవ్వింది.

దీన్ని తొందరపెడితే నష్టం ఏమిటో కూడా చూశాను. వేరే బడి నుంచి మా దగ్గరికి వచ్చిన ఒక పాపకు రెండూ మూడూ ఐదు, నాలుగూ రెండూ ఆరు, ఇలా పది వరకు గడగడా వచ్చు. వాళ్ళమ్మ గర్వంగా చెప్పించింది కూడా. నేను బల్ల మీద రెండు జామకాయలు, మూడు జామకాయలు పెట్టి ఎన్నమ్మా అంటే ఆ పిల్ల కాయల వైపు చూడనే లేదు, నా మొహం చూసింది. ఆరు అంది. నా కనుబొమ్మ కదిలిందేమో, వెంటనే నాలుగు అంది. జామకాయలు ముందే ఉన్నాయి, ముట్టుకుంటే సరిపోయేది, కానీ జవాబు పెద్దవాళ్ళ మొహంలో ఉంటుందని అప్పటికే నేర్చేసుకుంది. ఆ అలవాటు మాన్పించడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. వాళ్ళమ్మను ఏమీ అనలేను, పక్కింటి పిల్లతో పోల్చి అత్తగారు రోజూ దెప్పుతుంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది.

నేనేమీ పుట్టుకతో ఇది తెలుసుకుని రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కూడిక చెప్పేటప్పుడు వేళ్ళు వాడకూడదని అందరినీ చేతులు కట్టుకోమనేదాన్ని. జవాబులు మాత్రం కరెక్టుగా వచ్చేవి, నా పద్ధతి పనిచేస్తోందని మురిసిపోయాను. ఒకరోజు కింద పడిన చాక్‌పీస్ కోసం వంగితే బల్ల కింద ఒకడు కాలివేళ్ళు ఆడిస్తున్నాడు. పక్కవాడిని చూస్తే నాలుకతో పళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆరోజే చేతులు విప్పించేశాను. వేళ్ళ మీద లెక్కపెడితే పెద్దయ్యాక కూడా మానరు అనేవాళ్ళకు నా జవాబు ఇదే: మీరు దాచమంటే దాస్తారు, మానరు. అవసరం తీరాక వాళ్ళే వదిలేస్తారు.

అపోహ: బొమ్మలున్న వర్క్‌షీట్ ఉంటే కూడిక దానంతట అదే అర్థమవుతుంది.

వాస్తవం: బొమ్మ కదలదు, అసలు చిక్కంతా అక్కడే. కూడిక అంటే ఒకచోటికి వచ్చి చేరడం. వర్క్‌షీట్‌లో మూడు మామిడికాయలు ఒక డబ్బాలో, రెండు ఇంకో డబ్బాలో, మధ్యలో ప్లస్ గుర్తు, ఎవరూ ఎక్కడికీ రారు. ఇంకా ఘోరం ఏమిటంటే కొన్నింటిలో జవాబు కూడా బొమ్మలుగా వేసేస్తారు: మూడు కాయలు, ప్లస్, రెండు కాయలు, ఈజీక్వల్టు, ఐదు కాయలు. ఒక పిల్లాడు దాన్ని చూసి పది అన్నాడు. ఎర్ర ఇంకుతో ఇంటూ పడింది. కాగితం మీద ఉన్న కాయలు మీరే లెక్కపెట్టండి, పదే ఉన్నాయి! ఇంకొకడు ఆరు అన్నాడు, ఎలారా అంటే ప్లస్ గుర్తు మీద కూడా వేలు పెట్టి చూపించాడు. వాడి మటుకు అదీ ఒక బొమ్మే.

కాబట్టి ముందు వస్తువులు, వాటిని చేత్తో దగ్గరికి జరపడం. మా ఊరి ఏరు మహేంద్రతనయ గట్టు మీద మూడు కొంగలు నిలబడ్డాయి, ఇంకో రెండు ఎగిరొచ్చి వాలాయి అని కథ చెప్పి, గింజల్ని కొంగల్లా వాలనివ్వాలి. తర్వాత అదే కథను పిల్లాడే గీయాలి, కొంగ కోడిలా వచ్చినా ఫరవాలేదు. ఆ తర్వాత చుక్కలు, అంకెలు అన్నిటికంటే చివర. అచ్చు బొమ్మలు ఇవ్వాల్సి వస్తే వరసగా ఉన్నవి ఇవ్వండి, పేజీ నిండా చెల్లాచెదురుగా ఉంటే లెక్కపెట్టిందే మళ్ళీ లెక్కపెడతారు. ప్రతి బొమ్మ మీదా ఒక గింజ పెట్టమనండి, మొదట్లో మొత్తం ఐదు దాటనివ్వకండి. ఒకే రకం బొమ్మలతో మొదలుపెట్టండి. ప్లేట్లో రెండు ఇడ్లీలు, ఒక బరా (ఒడియా వాళ్ళ గారె) పెట్టి మొత్తం ఎన్ని అంటే "ఇడ్లీలు రెండే, అది బరా" అని నాకు పాఠం చెప్పిన ఘనులున్నారు.

ఇంకో మాట, చిన్న సంఖ్యల్ని పిల్లలు లెక్కపెట్టరు, చూస్తారు. మా ఊరి పిల్లలకు జగన్నాథుడు, బలభద్రుడు, సుభద్ర ఉన్న పటం చూపిస్తే వేలు పెట్టకుండానే మూడు అంటారు. పాచిక మీద చుక్కలు కూడా అంతే. బొమ్మలు అలా చూపుకు అందే గుంపులుగా వేస్తే సగం పని అయిపోతుంది. (ఇది ఒకసారి తల్లిదండ్రుల మీటింగులో చెబితే ఒక మామ్మగారు లేచి, వాళ్ళ పక్కనే కొలువుండే సుదర్శనుణ్ణి వదిలేస్తారేటమ్మా, నలుగురు, అన్నారు. ఆవిడ చెప్పింది నిజమే, నేను ఆ ఉదాహరణ మాత్రం మానలేదు.)

అపోహ: వంద వరకు చెప్పేస్తాడు కాబట్టి లెక్కలు వచ్చినట్టే.

వాస్తవం: అది పాట. నాలుగు గింజలు తెచ్చి నా చేతిలో పెట్టమనండి. గుప్పెడు తెచ్చి పోస్తే లెక్క ఇంకా రాలేదు, కూడిక దాకా పోకండి.

అపోహ: ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లిష్, మూడు భాషల్లో అంకెలు వింటే పిల్లాడు కన్‌ఫ్యూజ్ అవుతాడు.

వాస్తవం: "ఒకటి, రెండు, తినీ, చారీ" అని కలిపేస్తారు, నవ్వుకోండి, భయపడకండి. గింజకు ఒక మాట పడుతోందా లేదా అన్నదే చూడండి. పెద్ద అంకెలకు వచ్చేసరికి తెలుగు కాస్త సాయం చేస్తుంది కూడా, ఇరవై ఒకటి అంటే ఇరవై, ఒకటి అని విడివిడిగా వినిపిస్తుంది, ఒడియాలో ఏకోఇశి అని ఒకే ముద్ద. కూడిక కథ మాత్రం పిల్లాడు అమ్మతో మాట్లాడే భాషలోనే చెప్పండి, అది ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష సవరైనా సరే. ఈ ఊళ్ళో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే వాచకాలు రాసి బళ్ళు పెట్టించారు, అది నూరేళ్ళు దాటిన మాట. మనమింకా ఇంట్లో తెలుగు మాట్లాడితే చదువు పాడవుతుందేమో అని అడుగుతున్నాం.

అపోహ: ఎల్‌కేజీలో కూడికలు రాకపోతే వెనకబడిపోయినట్టే.

వాస్తవం: ఎవరన్నారు? చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని 2021 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో, ఒకటో తరగతికి ముందు ఏడాది బాలవాటిక పిల్లలకు పెట్టిన లక్ష్యమే 10 వరకు అంకెలు గుర్తుపట్టి చదవడం, వస్తువుల్ని వరసలో పెట్టడం. తేలిక కూడికలు, తీసివేతలు ఒకటో తరగతికి పెట్టారు. వాట్సాప్‌లో తిరిగే "నాలుగేళ్ళకు ఇవన్నీ రావాలి" లిస్టులు ఎవరు తయారుచేస్తారో గానీ, వాటివల్ల రాత్రిళ్ళు నిద్రపోని అమ్మలు నాకు ఫోన్ చేస్తారు. పిల్లాడు ఐదు గింజలు కరెక్టుగా లెక్కపెట్టి, చివర పలికిన అంకే మొత్తం అని తెలుసుకుంటే చాలు, పడుకోండి.

ఇక చిలకల వీడియో నాన్నగారి సంగతి. ట్యూషన్ వద్దని చెప్పి, అగ్గిపెట్టె కథంతా చెప్పి పంపాను. రెండు రోజులాగి ఫోన్ చేశారు, పిల్లాడు ఇంకా పెట్టె తెరిచే చూస్తున్నాడట, ఫరవాలేదా అని అడిగారు. ఫరవాలేదన్నాను. ఇంట్లో రెండేళ్ళ చెల్లి కూడా ఉందని అప్పుడు చెప్పారు, అయితే చింతగింజలు వెంటనే తీసేసి కూల్‌డ్రింక్ సీసా మూతలు వాడమన్నాను, అవి పట్టే పెద్ద పెట్టె ఏదైనా చూసుకోమన్నాను. చిన్నపిల్లలున్న ఇంట్లో గింజలు వద్దే వద్దు. మా బళ్ళోనే ఒకడు లెక్కలో ఒకటి తగ్గిందేమిటా అని మేమంతా బల్లల కింద వెతుకుతుంటే తాపీగా ముక్కు చూపించాడు.