బాయిలర్‌కు వేసవే గండం

అమెరికాలో విస్కాన్సిన్, మిన్నెసోటా, మెయిన్ లాంటి చలి రాష్ట్రాల పల్లెల్లో కొన్ని ఇళ్ల పెరట్లో పొగగొట్టం ఉన్న రేకుల గది ఒకటి కనిపిస్తుంది. అది కట్టెల బాయిలర్. మన ఊళ్లలో స్నానాల నీళ్లు కాచే రాగి బాయిలర్ చూసినవాళ్లకు దీని సూత్రం కొత్త కాదు: మధ్యలో మంట, చుట్టూ నీళ్లు. ఇక్కడ ఆ నీళ్లు 80 డిగ్రీల సెల్సియస్ దాకా కాగి, భూమిలో పాతిన పైపుల గుండా ఇంట్లోకి వెళ్లి, గదులను వెచ్చబెట్టి మళ్లీ బాయిలర్‌కే వస్తాయి.

చలికాలమంతా రాత్రింబవళ్లు మండినా తట్టుకునే ఈ ఇనుము, పనిలేని వేసవిలో తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. కారణం కట్టెలోనే ఉంది.

బాగా ఎండిన కట్టె ఒక కిలో కాలినా దాదాపు అర కిలో నీటి ఆవిరి పుడుతుంది. కట్టెలోని హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలవడమే అందుకు కారణం. నీళ్లు కావలసినంత కాగగానే బాయిలర్ గాలి దారి మూసేస్తుంది. అప్పుడు కట్టె సరిగ్గా మండక పొగ కక్కుతుంది. అవతల నీళ్లుండటంతో పొయ్యి గోడలు మంటకన్నా చాలా చల్లగా ఉంటాయి. పొగ ఆ ఆవిరితో కలిసి వాటికి తగిలి జిగట తారులా పేరుకుంటుంది. దీన్ని క్రియోసోట్ అంటారు. ఇందులో ఎసిటిక్ ఆమ్లం కూడా ఉంటుంది. ఇక అడుగున బూడిదలో ఉండే పొటాషియం లవణాలు గాలిలోని తేమను లాక్కుంటాయి. వేడి ఉన్నన్నాళ్లూ తడి నిలవదు. మంట ఆరాక తడిసిన బూడిద కుప్ప కింద గాలి అందని చోటికీ, అంచున అందే చోటికీ మధ్య సన్నని విద్యుత్ ప్రవాహం మొదలై ఇనుమును గుంటలు గుంటలుగా తినేస్తుంది.

అందుకే బాయిలర్ ఆపిన కొద్దిరోజుల్లోనే శుభ్రం చేసేయాలి. అలాగని తొందరపడి మంట మీద నీళ్లు కుమ్మరించకూడదు. ఒక్కసారిగా ఆవిరి ఎగసి ఒళ్లు కాలుతుంది, వేడి ఇనుము చటుక్కున కుంచించుకుని వెల్డింగులు పగలొచ్చు. కట్టెలు వేయడం మానేసి, ఉన్నవి కాలిపోనివ్వడమే మంచిది. నీళ్లు చల్లారేదాకా వాటిని పైపుల్లో తిప్పే పంపు ఆపకూడదు. నిప్పులుండగా ఆపితే కదలని నీళ్లు మరిగిపోతాయి.

తలుపు దగ్గర ఇంకా జాగ్రత్త. గాలి అందని పొయ్యిలో మండే గుణమున్న వాయువులు నిండి ఉంటాయి. తలుపు ఒక్కసారిగా తెరిస్తే మంట ముఖం మీదకు ఎగదన్నుతుంది. కొద్దిగా తీసి, ఆగి, పక్కకు నిలబడి పూర్తిగా తెరవాలి.

బూడిద చల్లగా కనిపించినా నమ్మడానికి లేదు. బూడిద వేడిని బయటకు పోనివ్వదు, నివురుగప్పిన నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది. దాన్ని అట్టపెట్టెలోకో ప్లాస్టిక్ బకెట్‌లోకో ఎత్తి వరండాలో పెట్టడం వల్లే ఇళ్లు తగలబడతాయి. బిగువైన మూత ఉన్న ఇనుప డబ్బాలో ఎత్తి, ఇంటికి కనీసం 10 అడుగుల దూరంలో ఉంచాలి. ఇంట్లోకి తేనేకూడదు, నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్‌తో పీల్చడం కూడా ప్రమాదమే.

పొయ్యి పూర్తిగా చల్లారాక, మంటకు గాలి ఊదే ఫ్యాన్‌కు కరెంటు తీసేసి, మాస్కు, గ్లౌజులు వేసుకుని గోడలు గీకాలి. మూలల్లో గట్టిపడ్డ బూడిదను వదలకూడదు, చిల్లులు ఎక్కువగా పడేది అక్కడే. పొగగొట్టాన్ని బ్రష్‌తో తోమి, వాన పడకుండా మూత పెట్టాలి.

లోపలి నీళ్లు పారబోయాలనిపిస్తుంది కానీ వద్దు. ఖాళీ చేస్తే తడి ఇనుముకు గాలి తగిలి అటువైపు నుంచీ తుప్పు పడుతుంది. తుప్పును అడ్డుకునే మందు కలిపి, నిండుగా ఉంచి, అప్పుడప్పుడు పంపు కాసేపు నడిపితే అది బిగుసుకుపోదు. పొగగొట్టం మీద మూత ఉందని ఒక చీటీ రాసి తలుపు పిడికి కట్టాలి. లేకపోతే చలికాలం మొదట్లో మూత తీయకుండానే మంట వేస్తారు, పొగంతా తలుపులోంచి బయటకు తన్నుకొస్తుంది.