సముద్ర దోసకాయ కడుపులో నత్తలు: ఎంటోకాంకా వెనక కథ

1851లో బెర్లిన్ ప్రొఫెసర్ యోహానెస్ ముల్లర్ ఏడ్రియాటిక్ తీరంలోని ట్రియెస్టె దగ్గర సైనాప్టా డిజిటాటా అనే సముద్ర దోసకాయలను కోసి పరిశీలిస్తున్నారు. పురుగులా సాగి ఉండే జీవి అది. కొన్నింటి కడుపులో సన్నటి గొట్టం కనిపించింది. ఒక కొస పేగు మీది రక్తనాళానికి అతుక్కుని ఉంది, రెండో కొస వదులుగా వేలాడుతోంది. గొట్టం నిండా పిండాలు. ఒక్కొక్కదానికీ మెలితిరిగిన బుల్లి గుల్ల, దాని నోటికి మూత. అవి నత్త పిల్లలే, అనుమానం లేదు. గొట్టంలో మాత్రం నత్త పోలిక ఒక్కటీ లేదు.

పరాన్నజీవి కావచ్చన్న ఆలోచన ముల్లర్‌కు రాకపోలేదు. కానీ ఆ గొట్టం సైనాప్టా సొంత అవయవంలా అతుక్కుపోయి ఉంది. అందుకే 1852 నాటి రచనలో నత్తకు ఎంటోకాంకా మిరాబిలిస్ అని పేరు పెడుతూనే, సముద్ర దోసకాయే నత్తలను కంటోందేమో అన్న ప్రశ్నను ఆయన కొట్టిపారేయలేదు. ఇప్పుడు వింతగా తోస్తుంది గానీ, కొన్ని జీవుల్లో ఒక తరానికీ మరో తరానికీ పోలికే ఉండదని డెన్మార్క్ శాస్త్రవేత్త స్టీన్‌స్ట్రుప్ చూపించి అప్పటికి పదేళ్లే. జీవపరిణామంపై డార్విన్ పుస్తకం రాకముందే, 1858లో ముల్లర్ కన్నుమూశారు.

ఆ గొట్టం పరాన్నజీవి నత్తేనన్న నిర్ణయం తర్వాత బలపడింది. 1902లో నార్వే శాస్త్రవేత్త క్రిస్టీన్ బొన్నెవీ దీని దగ్గరి బంధువు ఎంటరోక్సెనోస్‌ను వర్ణించారు. పదేళ్ల తర్వాత నార్వేలో తొలి మహిళా ప్రొఫెసర్ అయినది ఈమే. ఎదిగిన ఎంటరోక్సెనోస్‌కు గుల్ల లేదు, పాదం లేదు, పేగు కూడా లేదు. ఆహారమంతా ఆతిథేయి, అంటే అది ఆశ్రయించిన జీవి, నుంచే.

ఈ నత్తలకు ఒకే శరీరంలో ఆడ, మగ అవయవాలు రెండూ ఉన్నాయని చాలాకాలం అనుకున్నారు. 1968లో డెన్మార్క్‌కు చెందిన యోర్గెన్ లుట్‌జెన్ దాన్ని సరిదిద్దారు. వృషణం అనుకున్నది వేరే జీవి, మరుగుజ్జు మగనత్త. అది డింభకంగా, అంటే ఇంకా ఎదగని పిల్లగా, ఆడదాని లోపలికి చేరి, గుల్ల వదిలేసి, వీర్యం తయారుచేసే ముద్దగా మిగిలిపోతుంది. నాకు ముల్లర్ చూసినదానికన్నా ఇదే పెద్ద ఆశ్చర్యం.

ఒకప్పుడు వేరే కుటుంబంగా లెక్కించిన ఈ ప్రజాతులను (దగ్గరి జాతుల గుంపులను) ఇప్పుడు యూలిమిడే కుటుంబంలో కలిపారు. వెయ్యికి పైగా జాతులున్న ఆ కుటుంబంలో చాలావాటికి మెరిసే చిన్న గుల్లలుంటాయి. సముద్ర నక్షత్రాలు, ముళ్ల బంతుల్లాంటి సముద్రపు అర్చిన్‌ల వంటి జీవుల ఒంటిమీద వాటిలో చాలా బతుకుతాయి, బయటికి కనిపిస్తాయి. ఎంటోకాంకా వంటివి కావాలంటే ఆతిథేయిని కోయాల్సిందే.